శిశువిద్యలో కంప్యూటర్ సాధనాలు – గుణింత బోధన: ఒక పరిశీలన

శిశువిద్యలో కంప్యూటర్ సాధనాల విలువను తాకగానే స్పందించే గుణంతోనే అంచనా వేయడం సరికాదు. యంత్రం బిడ్డను నడపడం కాక, బిడ్డే యంత్రాన్ని నడపాలని సీమోర్ పాపర్ట్ ‘మైండ్‌స్టార్మ్స్’ (1980)లో ప్రతిపాదించాడు. ఈ ప్రమాణంతో చూస్తే, చుక్కల వెంట వేలితో ‘అ’ దిద్దించే తెలుగు సాధనాలు పలకనే తెరపైకి మార్చాయి. బలపం ఒరిపిడి ఇచ్చే స్పర్శ మాత్రం గాజుపై లోపించింది.

అచ్చు వాచకం చూపలేని ప్రక్రియ గుణింతంలో ఉంది. ‘క’ తలకట్టు తీసి గుడి పెట్టగానే ‘కి’ అనీ, తలకట్టు ఉంచి కొమ్ము చేర్చగానే ‘కు’ అనీ వినిపిస్తే, లిపికీ ధ్వనికీ గల సంబంధాన్ని శిశువు స్వయంగా గుర్తిస్తుంది. కనుక సాధనాన్ని బొమ్మల హంగుతో గాక, అది శిశువుకిచ్చిన కర్తృత్వంతో కొలవాలి.