గ్రహవిజయ క్రీడయందు విజిగీషువు

మహాకావ్యమునకు ప్రాచీనాలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో మంత్రము, దూత్యము, ప్రయాణము, యుద్ధము, నాయకాభ్యుదయము అను నైదును రాజుయొక్క జైత్రయాత్రకు సంబంధించినవి. కావున జైత్రయాత్రయే వస్తువుగా గల ఒక కంప్యూటరు ఆటను ఈ పత్రికయందు విమర్శకు తీసికొనుట సాహిత్యసీమను దాటుట కాదని మా యభిప్రాయము. ఆ ఐదింటిలో ఈ ఆట దేనిని గ్రహించినది, దేనిని విడిచినది, విడుచుటవలన విజయమను మాటకు ఏ యర్థము మిగిలినది అనునదే ఇక్కడ విచార్యాంశము.

ఇద్దరాటగాండ్రు అంతరిక్షమున తలపడు కంప్యూటరు ఆటలు కొత్తవి కావు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు స్టీవ్ రస్సెల్ మొదలగువారు రచించిన ‘స్పేస్‌వార్’ అట్టివానిలో తొలితరమునకు చెందినది. కాని యది రెండు నౌకల ద్వంద్వయుద్ధము మాత్రమే. అందు గెలుచుకొనవలసిన రాజ్యము లేదు. మేము పరిశీలించినది ‘ప్లానెట్ వార్స్’ అనునది. ఫిల్ హాసీ రచించిన ‘గాల్కాన్’ అను ఆటను ఆధారముగా గొని, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయపు కంప్యూటరు విద్యార్థిసంఘమువారు గూగుల్ సంస్థ ప్రోత్సాహముతో 2010లో నడపిన పోటీకై దీనిని సిద్ధపరచిరి. ఆ పోటీలో ఆడినవి మనుష్యులు వ్రాసిన ప్రోగ్రాములు; మనుష్యులు స్వయముగా ఆడలేదు. 4,600 మందికి పైగా పోటీపడగా, హంగరీ దేశీయుడు గాబోర్ మెలిస్ కామన్ లిస్ప్ భాషలో వ్రాసిన ప్రోగ్రాము ప్రథమస్థానము పొందినది. ఇంతకంటె ఆడంబరము గల గ్రహవిజయ క్రీడలు పెక్కులున్నవి. వానిని విడిచి దీనినే గ్రహించుటకు కారణము దీని సంక్షిప్తత. నియమములన్నియు ఒక పుటలో ఇముడును. వ్యాఖ్యానము లేని సూత్రగ్రంథమువలె నున్నందున, రచయిత దేనిని లెక్కింపదలచినాడో, దేనిని లెక్కింపదలచలేదో ఇందు స్పష్టముగా కానవచ్చును.

ఆ నియమములివి. ఒక పటముపై కొన్ని గ్రహములుండును. ఆటగాని కొక్కొక్కటి చొప్పున రెండు రాజధానీగ్రహములు, తక్కినవన్నియు ఉదాసీనములు. ప్రతి గ్రహమునందును కొన్ని నౌకలుండును. ఏలిక గల గ్రహమున ఎత్తెత్తునకు నౌకలు పెరుగును. ఆ వృద్ధి గ్రహమును బట్టి సున్న మొదలు 5 వరకు ఉండును. ఉదాసీన గ్రహమున వృద్ధి లేదు. ఆటగాడు తన గ్రహమునుండి కోరినన్ని నౌకలను మఱియొక గ్రహమునకు పంపవచ్చును. దూరమును బట్టి అవి అన్ని ఎత్తుల పిదప చేరును. చేరినపుడు అక్కడి నౌకలతో ఒకటికొకటి చొప్పున నశించి, మిగిలిన పక్షమునకు గ్రహము దక్కును. 200 ఎత్తులలో శత్రువును నిశ్శేషము చేయనైన చేయవలెను, లేదా చివరకు ఎక్కువ నౌకలు కలిగియైన యుండవలెను. ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. ఒకటి, ఉభయులును తమ ఆజ్ఞలను ఏకకాలమున ఇత్తురు. చదరంగమువలె ఒకని తరువాత ఒకడు కాదు. రెండవది, పంపిన దండును మరలింప వీలులేదు. మార్గమధ్యమున దానికి కొత్త ఆజ్ఞ యందదు.

గణితశాఖకు చెందిన మిత్రుడొకరితో మేమీ ఆటను యంత్రము లేకుండ కాగితముపై ఆడి చూచితిమి. పటము గీసికొని, ఆజ్ఞలను చీటీలపై వ్రాసి, ఒక్కసారి తెఱచుచుంటిమి. మొదటి యాటలో ఇరు రాజధానులకును సరిగా ఆరేసి ఎత్తుల దూరమున, 20 నౌకలును 4 వృద్ధియు గల ఉదాసీన గ్రహ మొకటి మధ్యనుండెను. మాకు మూడెత్తుల దూరమున 8 నౌకలు, 1 వృద్ధి గల చిన్న గ్రహము మఱియొకటి. చిన్నదానికి 9 నౌకలు పంపినచో 8 నశించును. అవి తిరిగి కూడుటకు 8 ఎత్తులు పట్టును. ప్రయాణముతో కలిపి 11. పెద్దదానికి 21 పంపినచో 20 నశించును. అవి కూడుటకు ఐదెత్తులు. ప్రయాణముతో కలిపి అదియు 11. ఖర్చు తీరుకాలము సమానమే గాని, ఆ పిదప పెద్దది నాలుగింతలు ఫలించును. మేము ఉత్సాహముతో 21 నౌకలను పెద్దదానికి పంపితిమి. మిత్రుడు పటము చూచి, మఱుసటి ఎత్తున 6 నౌకలను మాత్రము పంపెను.

ఆ ఆరు ఎందులకో మాకు వెంటనే బోధపడలేదు. ఆరవ ఎత్తున మా దండు చేరి గ్రహమును గెలిచి ఒక్క నౌకతో మిగిలెను. ఏడవ ఎత్తున దానికి నాలుగు కూడి ఐదయ్యెను. అప్పుడే ఆయన ఆరును వచ్చి పడెను. మేము 21 వెచ్చించి తెఱచిన కోటను ఆయన 6 వెచ్చించి ప్రవేశించెను. ఆయన చీటీ తెఱచిన తరువాతి ఎత్తుననే మేము సాయము పంపియున్నను అది ఎనిమిదవ ఎత్తునకు గాని చేరదు. దండు బయలుదేరిన మఱుక్షణమే మా భావిదుర్బలత యంతయు పటముపై బాహాటముగా వ్రాయబడియుండగా, మేము మాత్రము దానిని విజయముగా చదువుకొంటిమి! కౌటిల్యుడు పార్ష్ణిగ్రాహుని గూర్చి, అనగా యాత్రకు వెడలిన రాజును వెనుకనుండి పట్టుకొనువానిని గూర్చి, ఏల అంత విస్తరముగా చర్చించెనో పాఠము చెప్పునపుడు కంటె ఆ పూట మాకు బాగుగా తెలిసినది.

కౌటిల్యుని ప్రసక్తి వచ్చినది గనుక మా ముఖ్యవాదమును ఇక్కడ చెప్పుదుము. సంధివిగ్రహముల లాభము సమానమైనచో సంధినే ఆశ్రయింపవలెనని విధించుచు, విగ్రహమున నాలుగు దోషములను ఆయన పేర్కొనినాడు: క్షయము, వ్యయము, ప్రవాసము, ప్రత్యవాయము. వాహనములును జనమును తగ్గుట క్షయము. ధనధాన్యములు తరుగుట వ్యయము. స్వస్థానమును విడిచి దూరమున నుండుట ప్రవాసము. నాలుగవది పాపము. ఈ ఆట క్షయమును నౌకకు నౌక లెక్కించును. ఇందు వేరుగా కోశము లేదు, నౌకయే నాణెము. కావున వ్యయము క్షయమునందే లీనమైనది. ప్రవాసమును మాత్రము ఈ యాట లెక్కించినంత సూక్ష్మముగా మన కావ్యములు లెక్కింపలేదని చెప్పుటకు మేము సంకోచింపము. ప్రబంధములలో ప్రయాణవర్ణన వచ్చినదన్న, సేనలు కదలును, ధూళి లేచును, భేరులు మ్రోగును; తరువాతి పద్యమునకు శత్రునగరము వచ్చును. నడుమ గడచిన దినములు పఠితను బాధింపవు. ఇక్కడ ఆ నడిమి దినములే ఆట. పంపిన దండు ఇంటికి రక్షణ కాదు, గమ్యమున బలము కాదు. ఆరెత్తుల వరకు అది దేనికిని కొఱగాదు. మరలింపరాదు గనుక, ఆజ్ఞ యిచ్చినవాడు తన తప్పును తెలిసికొనిన పిదప కూడ అది మెల్లగా జరుగుచుండుటను చూడవలసినదే. శంక, చింత, ఔత్సుక్యము అను సంచారిభావములు ఆ నిరీక్షణమున ఎంత సహజముగా పుట్టునో ఆడినవారికి తెలియును.

అయితే ఒక లోపము. ప్రవాసదోషము దండు నడచునంత వరకే. ఏలుబడికి దూరము లేదు. ఇరువది యెత్తుల దూరమందలి గ్రహమును ఒక్క నౌకతో గెలిచినను, ఆ క్షణమునుండియే యది రాజధానివలె నమ్మకముగా ఫలించును. తిరుగుబాటు లేదు, పన్ను ఎగవేత లేదు. చరిత్రలో దూరము ఇంత విధేయముగా నడచుకొనలేదు. సముద్రగుప్తుని ప్రయాగ ప్రశస్తియే దీనికి సాక్ష్యము. ఆర్యావర్త రాజులను అతడు బలాత్కారముగా పెఱికివేసెనని హరిషేణుడు వ్రాసినాడు. దక్షిణాపథ రాజులను, వారిలో వేంగి హస్తివర్మను, పిష్టపుర మహేంద్రగిరిని కూడ, పట్టి విడిచి అనుగ్రహించెనని వ్రాసినాడు. ఒకే రాజు ఉత్తరమున ఒకవిధముగను దక్షిణమున మఱొకవిధముగను ప్రవర్తించుటకు, పాటలీపుత్రమునకును మన దేశమునకును గల దూరము ప్రధానహేతువని చరిత్రకారులు చెప్పుట సమంజసముగానే యున్నది. కాళిదాసు రఘువు మహేంద్రనాథుని పట్టి విడిచి, సిరిని గైకొని భూమిని గైకొనకపోవుటయు ఈ కోవలోనిదే. కవి యచట ఆయనను ధర్మవిజయి యనుట ఊరక కాదు. ధర్మవిజయి, లోభవిజయి, అసురవిజయి అని కౌటిల్యుడు చేసిన విభాగమున మొదటివానికి ఈ ఆటయందు స్థానము లేదు. పట్టుట కలదు, విడుచుట లేదు.

ఆటయందు పాపపుణ్యములను వెదకుట అనుచితమని ఆక్షేపింపవచ్చును. చదరంగమున బంటును చంపినవాడు ప్రాయశ్చిత్తము చేసికొనునా అని మా మిత్రుడే అడిగెను. ఆక్షేపణ బలమైనదే. ఈ రచన కరుణ లేనిదని మేము నిందించుట లేదు. మా ప్రశ్న వేరు: ప్రత్యవాయము ఇందు ఏల లెక్కకు రాలేదు? ఉదాసీన శబ్దమును పరిశీలించినచో సమాధానము దొరకును. ద్వాదశరాజ మండలమున ఉదాసీనుడు అందఱికంటె బలవంతుడు, ఎవనినైనను అనుగ్రహింపగలవాడు, నిగ్రహింపగలవాడు. విజిగీషువు ప్రతి కార్యమును ఆయన చూచుచున్నాడను ఎఱుకతో చేయవలెను. ఈ ఆటయందు ఉదాసీనుడు అందఱికంటె దుర్బలుడు. పెరగడు, కదలడు, ఎవనితోను చేరడు, తన వంతు వచ్చువరకు కాచుకొనియుండును. మండలమంతయు కుదించుకొనిపోయి విజిగీషువును అరియు మాత్రమే మిగిలిరి. చూచువాడు లేనపుడు కీర్తికి విలువ లేదు, అపకీర్తికి వెల లేదు. రఘువు ఒకనిని విడిచినచో తక్కిన పదిమందియు దానిని విని తలవంచవచ్చును. ఇక్కడ వినువారెవరు? కావున ప్రత్యవాయము లోపించుట రచయిత హృదయదోషము కాదు, పాత్రసంఖ్యాదోషము. ఇట్టి యాటలే ముగ్గురు నలుగురు కూడి ఆడునపుడు, నియమములలో లేకున్నను, మాట యిచ్చుట, తప్పుట, తప్పినదానిని జ్ఞాపకముంచుకొనుట పుట్టుచుండును. దూత్యము అప్పుడే అవసరమగును. ఇద్దఱి యాటకు ఉద్యోగపర్వము లేదు, భీష్మపర్వముతోనే ఆరంభమగును.

ఈ వాదమును పరీక్షింపవలెనని మేము మిత్రుని ఒప్పించి ఒక నియమమును చేర్చితిమి. గెలిచిన గ్రహమును విడిచిపెట్టవచ్చును. అట్లు విడిచిన గ్రహము తన వృద్ధిలో సగమును విజేతకు కప్పముగా ఇచ్చుచుండును. రెండాటలు ఆడితిమి. మేము దూరపు గ్రహములను విడిచిపెట్టుచు వచ్చితిమి, ఆయన ఒక్కదానినైనను విడువలేదు. రెండును మేమే ఓడితిమి. “మీ ధర్మవిజయి రెండు పుచ్చుకొంటాడు, నా అసురవిజయి నాలుగు పుచ్చుకొంటాడు. నూరో ఎత్తుకు ఎంత తేడా వస్తుందో మీరే లెక్క వేయండి” అని ఆయన నవ్వెను. లెక్క వేసితిమి. మూడవ ఆటయందు ఆ నియమము కాగితముపై నున్నను, మేమును ఏ గ్రహమును విడిచిపెట్టలేదు.