దసరాకి వద్దు, శివరాత్రికి వెళ్ళండి

మా బంధువుల్లో ఎవరికి అండమాన్ మీదకి మనసు మళ్ళినా ముందు నాకే ఫోన్ చేస్తారు. ముహూర్తాలు పెట్టే పంతులుగారి కొలువు నాకెవరిచ్చారో తెలీదుగానీ, కాదనలేకపోతున్నాను. మొన్న మా పిన్నికొడుకు అడిగాడు. "అన్నయ్యా, దసరా సెలవులకి టికెట్లు తీసేద్దామనుకుంటున్నాం, ఏమంటావ్?"

వద్దన్నాను.

"అదేంటి, ఫోన్‌లో చూశాను, ఏ నెలైనా ముప్పై డిగ్రీలే ఉంది కదా!"

నిజమే, అక్కడే అందరూ బోల్తా పడతారు. మనకి కాలమంటే ఎండ లెక్క. మేలో మండుతుంది, జనవరిలో చలేస్తుంది, దాన్నిబట్టి ఊటీయో అరకో వెళతాం. పోర్ట్ బ్లెయిర్‌కి ఆ లెక్క పనికిరాదు. (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. ఫోన్లు చేసేవాళ్ళెవరూ ఇంకా అలా అనడం లేదు.) అక్కడ ఏడాదంతా ఎండ ఇంచుమించు ఒకటే, మారేది గాలి. నైరుతి గాలి కేరళకంటే ముందే, మే మూడో వారం ప్రాంతంలో అక్కడ వాన దింపుతుంది. అది వెళ్ళీ వెళ్ళకముందే ఈశాన్య గాలి అందుకుంటుంది. రెండూ కలిసి ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన. హైదరాబాద్‌లో పడేదానికి మూడు రెట్లు దాటిపోతుంది.

దసరా వచ్చేది సరిగ్గా ఈ రెండు గాలుల సందులో. అండమాన్ సముద్రంలో వాయుగుండాలు లేచే రోజులవి. విశాఖ వాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ పక్కగా దాటిన హుద్‌హుద్ తుపాను, నాలుగు రోజుల తర్వాత వాళ్ళ నెత్తిన పడింది. ఏటా అలాగే జరుగుతుందని కాదు. కానీ ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని, ఏడాదికోసారి దొరికే సెలవుని ఆ వారంలో పెట్టడమెందుకు?

ట్రావెల్స్ వాళ్ళు డిసెంబరంటారు. రేట్లు చూస్తే అదేదో స్వర్గానికి టికెట్టులా ఉంటాయి. ఈశాన్య గాలి తోక అప్పటికింకా ఆడుతూనే ఉంటుంది. 2016 డిసెంబరులో, తర్వాత వార్దా తుపానుగా మారిన వాయుగుండం దెబ్బకి హేవ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. పైగా ఆ నెలలో సాయంత్రం ఐదు దాటితే చీకటి. ద్వీపాలు అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే మరి.

అందుకే నేను జనవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా అంటాను. గాలి తగ్గుతుంది, సముద్రం పడుకుంటుంది, నీళ్ళు తేటపడతాయి. స్కూబాకి దిగేవాళ్ళకి పగడాలు కనిపించేది అప్పుడే.

నెల కుదిరాక నేను చూసేది తిథి. ఇది చెబితే మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. నీల్ ద్వీపంలో రాతి తోరణం ఒకటుంది, దాన్ని సహజ వంతెన అంటారు. నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడే దాని దగ్గరికి నడిచి వెళ్ళగలం. అప్పుడు రాళ్ళ గుంటల్లో చిన్న చేపలూ సముద్రపు దోసకాయలూ కనిపిస్తాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎంత ఎక్కువో పాటు అంత లోతు. మధ్యలో అష్టమి రోజుల్లో వెళితే సముద్రం సగం మనసుతో వెనక్కి తీస్తుంది. ఒక చోట ఒక తిథికి పాటు వచ్చే వేళ ఇంచుమించు ఒకటే ఉంటుంది, తర్వాత రోజుకో 50 నిమిషాలు జరుగుతుంది. పంచాంగం చేతిలో ఉన్నవాడికి ఇది పెద్ద లెక్కేం కాదు.

ఇక రాత్రి సంగతి. హేవ్‌లాక్‌లో చిన్న పడవలేసుకుని మిణుగురు నీళ్ళు చూడటానికి వెళతారు. తెడ్డు వేసినచోటల్లా నీళ్ళలోని సూక్ష్మజీవులు నీలంగా వెలుగుతాయి. వెన్నెలుంటే అది కంటికి ఆనదు. పాటూ చీకటీ రెండూ కావాలంటే అమావాస్యే. మాఘ బహుళ చతుర్దశి శివరాత్రి, మర్నాడు అమావాస్య. ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది, సెలవు కూడా. జాగారం ఎలాగూ చేయాలి, సముద్రం మీద చేస్తే పుణ్యం తగ్గుతుందా?

"పెద్దదానికి ఇంటర్ పరీక్షలన్నయ్యా" అన్నాడు మావాడు. అయితే వచ్చే ఏడు వెళ్ళమన్నాను.

మా మేనత్త సంగతి వేరు. ఆవిడ చూడాలనుకున్నది సెల్యులార్ జైలొక్కటే. జూలైలో వెళ్ళు అత్తయ్యా, గదులు చవగ్గా దొరుకుతాయి, గొడుగు పట్టుకెళ్ళు అని చెప్పాను. అడవి ఆ నెలల్లో ఉన్నంత పచ్చగా ఇంకెప్పుడూ ఉండదు. హేవ్‌లాక్ వెళ్ళే మాట మాత్రం ఎత్తొద్దన్నాను. పడమటివైపు రాధానగర్ తీరం నైరుతి గాలికి ఎదురొడ్డి ఉంటుంది, ఆ రోజుల్లో కెరటాలు అక్కడ ఎవరినీ దగ్గరికి రానివ్వవు. ఈశాన్య గాలి మొదలయ్యాక ఆ గొడవ తూర్పున కాలాపత్థర్ వైపు మళ్ళుతుంది. ఏ నెలలో వెళ్ళినా గాలికి వీపు పెట్టిన తీరంలో గది తీసుకోవాలి.

వెళ్ళాక అనుమానమొస్తే హోటల్ వాళ్ళని అడక్కండి, వాళ్ళకి ఎప్పుడూ వాతావరణం బాగానే ఉంటుంది. 2011 లెక్కల ప్రకారం ద్వీపాల్లో వందలో 13 మంది దాకా తెలుగువాళ్ళే. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ రేవుకి వెళితే శ్రీకాకుళం జాలర్ల మాట వినబడుతుంది. రేపు వేటకి వెళుతున్నారా అని అడగండి చాలు.

ఏ నెలకైనా ఒక్క షరతు పెడతాను. విమానం ఎక్కే రోజుకి ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరిపోవాలి. హేవ్‌లాక్ నుంచి పొద్దున ఫెర్రీ దిగి మధ్యాహ్నం విమానం పట్టుకుంటానన్నవాళ్ళకి నేను తేదీ చెప్పను.