షావుకారు అచ్చేసిన చిల్లర

ఈ వారం ఓ కిరాణా కొట్లో రెండు రూపాయల చిల్లరకు బదులు రెండు చాక్లెట్లు చేతిలో పడేసరికి కాలమిస్టుకు ఒళ్లు మండింది. చిల్లర సంగతి సర్కారు చూసుకోవాలి, షావుకార్లకు వదిలేయకూడదన్నది ఈ కాలమ్‌లో పాత పాటే. టికెట్టు వెనక కండక్టరు రాసిచ్చే బాకీ గురించి ఇక్కడ ఎంత గోల జరిగిందో పాఠకులకు గుర్తే.

షావుకార్లకు వదిలేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. లండన్ నుంచి రాగి నాణేలు చాలినన్ని రాక, 1849లో మెల్‌బోర్న్‌లో అన్నాండ్, స్మిత్ అండ్ కంపెనీ అనే కిరాణా వర్తకులు సొంత పెన్నీలు తెప్పించుకున్నారు. 1851లో బంగారం బయటపడి జనం విరగబడటంతో కొరత ఇంకా ముదిరింది. టీ అమ్మేవాళ్లు, ఇనుప సామాన్లవాళ్లు కూడా బిళ్లలు కొట్టించారు. ఒక పక్క కొట్టు పేరు, ఊరు. కొన్నిటికి రెండో పక్క కంగారూ, ఈమూ పక్షి. చాలావాటిలో పెన్నీకి సరిపడా రాగి ఉండేది కాదు, అయినా పెన్నీగానే చెల్లేవి. ఆ తేడా కొట్టువాడికి మిగులు, జేబుజేబుకీ తిరిగే ప్రచారం కొసరు.

అందరికన్నా గడుసువాడు థామస్ హాలోవే. తనకు తానే ప్రొఫెసర్ బిరుదు తగిలించుకుని లండన్ నుంచి మాత్రలు, లేపనాలు అమ్మేవాడు. 1857, 1858 పెన్నీల మీద రాణిగారి మొహం ఉండాల్సిన చోట తన మొహమే వేయించుకున్నాడు! వెనకవైపు ఆరోగ్య దేవత.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతం 1863లో, న్యూ సౌత్ వేల్స్ 1868లో ఈ బిళ్లలకు స్వస్తి చెప్పాయి.

ఇక్కడితో ఆపితే కాలమిస్టు గెలిచినట్టే. కానీ 1794 నాటి రాగి నాణెం ఒకటి అడ్డం తగులుతోంది. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద తయారై మన ఉత్తర సర్కారులకు, అంటే కోస్తా జిల్లాలకు, వచ్చింది. రూపాయికి 48 అని ఇంగ్లీషులో దాని మీదే ఉంటుంది. అదే బౌల్టన్ ఇంగ్లండ్ వర్తకులకు కూడా బిళ్లలు కొట్టిపెట్టాడు. మనకొచ్చిన నాణెం మీద హృదయాకారపు గుర్తు, అందులో ఈస్టిండియా కంపెనీ పొడి అక్షరాలు. సరుకు మూటల మీద కంపెనీ వేసే ముద్ర అది!

షావుకారే సర్కారైన చోట సర్కారు చిల్లర ఏది, షావుకారు చిల్లర ఏది? ఆ లెక్కన మెల్‌బోర్న్ కిరాణావాడే నయం. వాడి బిళ్ల మీద అనుమానమొస్తే నేరుగా కొట్టుకెళ్లి గల్లాపెట్టె మీద పెట్టి సరుకడగొచ్చు. గుంటూరు రైతు తన బిళ్ల పట్టుకుని లండన్ లెడెన్‌హాల్ వీధిలో కంపెనీ గడప ఎక్కగలడా?