పథ్యం పెట్టే చేయి

లంఖణాలు చేసి లేచినవాళ్లకు పాతకాలపు తెలుగు ఇళ్లలో మొదటిరోజే పప్పన్నం పెట్టేవారు కాదు. ముందు గంజి, తర్వాత మెత్తటి అన్నం, చారు. దాన్నే పథ్యం పెట్టడం అనేవారు. బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా జబ్బుతో చిక్కి శల్యమైన అమ్మాయికి ఆసుపత్రిలో మళ్లీ తిండి మొదలుపెట్టే డాక్టరుదీ అదే పని. కాకపోతే ఆయన చూపు కంచం మీద కంటే రక్తపరీక్ష కాగితం మీదే ఎక్కువ.

అందులో ముందు వెతికేది ఫాస్ఫేట్. నెలల పస్తులతో కణాల్లోని నిల్వలు అడుగంటినా, రక్తంలో అంకె మామూలుగానే కనిపించవచ్చు. మోసమంతా అక్కడే! పిండిపదార్థం కడుపులో పడగానే ఇన్సులిన్ పెరుగుతుంది. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తం వదిలి కణాల్లోకి పరుగెడతాయి. మొదటి కొద్దిరోజుల్లోనే గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు నీరసించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలపు ఖైదీల్లో కొందరు ఇలాగే ఆకలిని తట్టుకుని బతికి, తీరా తిండి దొరికాక చనిపోయారు.

అందుకే 2006లో వైద్య మార్గదర్శకాలిచ్చే బ్రిటన్ 'నైస్' సంస్థ, ప్రమాదం బాగా ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 10 కేలరీలతోనే మొదలుపెట్టమంది. 40 కిలోల మనిషికి 400. అంటే రోజు మొత్తానికి నాలుగైదు ఇడ్లీలు, కాస్త చట్నీ. ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఇప్పుడు చాలాచోట్ల రోజూ రక్తం పరీక్షిస్తూ, ఫాస్ఫేట్ అందిస్తూ అంతకంటే ఎక్కువతోనే మొదలుపెడుతున్నారు.

జింకు కథ వేరు. అది తగ్గితే రుచి, ఆకలి మందగిస్తాయి. 1994లో కెనడాలో 35 మంది అనొరెక్సియా రోగుల మీద జరిగిన అధ్యయనంలో రోజుకు 100 మిల్లీగ్రాముల జింక్ గ్లూకోనేట్ తీసుకున్నవారి బరువు మిగతావారికంటే రెట్టింపు వేగంతో పెరిగింది. ఆశ పుట్టించే ఫలితమే, కానీ చిన్న అధ్యయనం. దాన్ని చూసి మందుల షాపుకు పరుగెత్తడం తొందరపాటు. మాత్రల కంటే తిండే ముఖ్యమని చెప్పే పాత ప్రయోగం ఒకటుంది: 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ నడిపిన పస్తుల ప్రయోగంలో 36 మంది యువకులు పాల్గొన్నారు. వాళ్లు కోలుకునేటప్పుడు అదనపు విటమిన్లు, మాంసకృత్తులు ఇచ్చి చూస్తే పెద్ద తేడా రాలేదు. కడుపునిండా తిండే పనిచేసింది.

అతిగా తిని, తర్వాత వాంతి చేసుకునే బులిమియా జబ్బులో బరువు మామూలుగానే ఉండవచ్చు. "బాగానే తింటోంది డాక్టరుగారూ" అని తల్లి చెబుతూనే ఉంటుంది. ఆయన చేతిలోని కాగితంలో 3.5కు తగ్గకూడని పొటాషియం 2.8 ఉంటుంది. వాంతుల సంగతి ఆ అమ్మాయినొక్కదాన్నే కూర్చోబెట్టి అడగాలి.