వంతు కొలిచిన తాడు

కోటవురట్ల దగ్గర మా చెరువు కాలువ పూడిక తీయడానికి మొదటి ఆదివారం అరవై మంది వచ్చారు. మూడో ఆదివారానికి పదకొండు మంది మిగిలారు. కాలువ సగంలో ఆగింది. తీసిన మట్టి గట్టు మీదే ఉంది, ఒక్క పెద్ద వాన పడితే అదంతా మళ్లీ లోపలికే జారుతుందని నా బెంగ. ఆ వారమంతా సాయంత్రాలు రామమందిరం అరుగు మీద కూర్చుని, చెరువు నిండితే ఎవరి పొలానికి ఎన్ని తడులు అందుతాయో వచ్చినవాళ్లందరికీ చెప్పాను. అందరూ తలూపారు. నాలుగో ఆదివారం తొమ్మిది మంది వచ్చారు.

అప్పుడు ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు. "బాబూ, రమ్మంటన్నావు, వస్తన్నాం. ఎంత తవ్వితే మా పని అయిపోద్దో సెప్పవేటి? లెక్క లేని పనికి కూలి పోగొట్టుకుని ఎన్నాళ్లొస్తాం?"

ఆ మాట నిజం. రోజుకూలీకి వెళ్లేవాడికి ఆదివారం సెలవు కాదు. శ్రమదానం అని మనం గౌరవంగా పిలిచే పనిలో ఉన్నవాడు ఒక పూట తీరిక ఇస్తాడు, లేనివాడు ఒక పూట తిండి ఇస్తాడు. ఇద్దరికీ ఒకే బోధ చేశాను నేను.

మర్నాడు తాడు తీసుకుని మిగిలిన కాలువంతా బారలతో కొలిచాం. కొయ్యమేకులు దింపి, ఇంటికి ఇంతని వంతు వేశాం. ఆదివారమే రానక్కర్లేదు, కూలికి వెళ్లేవాళ్లు తెల్లారకముందు వచ్చి తవ్వుకుపోవచ్చు. ఒంట్లో సత్తువ లేని ముసలివాళ్ల వంతు ఎవరు ఎత్తుకుంటారో అందరి ముందే అడిగాం. ఆయకట్టులో పొలం ఎక్కువున్నవాళ్లకి వంతు ఎక్కువ పడాలా అన్న దాని మీద రెండు రాత్రులు గొంతులు లేచాయి. పడాలనే తేలింది. ఆ రెండు రాత్రులూ ఒక్క తట్ట మట్టి లేవలేదు గాని, కాలువ పూర్తయింది అక్కడే అని నా నమ్మకం. అరిచినవాళ్లే మూడో రోజు అందరికంటే ముందు పారలు పట్టుకొచ్చారు.

వంతు మనకి కొత్త కాదు. చెరువుల కింద రైతులు కలిసి మరమ్మతు చేసుకునే ఆనవాయితీని పాత మద్రాసు ప్రెసిడెన్సీలో కుడిమరామత్తు అనేవారు. 1858లో దానికి చట్టం కూడా చేశారు, రానివాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసేలా. కానీ బలవంతపు పని ఎక్కడికి పోతుందో మా వైపు వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నర్సీపట్నం నుంచి మన్యంలోకి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకి సరైన కూలి ఇవ్వకుండా, కొట్టించి పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడడానికి వెనకున్న కారణాల్లో ఆ రోడ్డూ ఒకటి.

ఆ కొండల్లోనే తర్వాతి కాలంలో గునపం వేరే రకంగా లేచింది. నర్సీపట్నం కేంద్రంగా పనిచేసే విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి గిరిజన గూడేలతో కలిసి కొండ ఊటల నుంచి తాగునీటి పథకాలు కట్టింది. ఊట దగ్గర ఒక తొట్టి, ఇసుక, గులకరాళ్లతో వడపోత, అక్కణ్నుంచి కిందికి గొట్టాలు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, పల్లానికి నీరు దానంతటదే దిగుతుంది. ఇలాంటి పనికి ఓ కఠినమైన గుణం ఉంది. సగం వేసిన రోడ్డు మీద సగం దూరమైనా నడవచ్చు. గొట్టం పది బారలు తక్కువైతే కుళాయిలో చుక్క రాదు. చివరి ఇంటివాళ్ల వాకిటి దాకా కందకం తవ్వడానికి మొదటి ఇంటివాళ్లు కూడా ఒప్పుకోవాలి. ఊరు ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే అది జరిగే పని కాదు.

ఊరే కూర్చుని తేల్చుకోవడం వేరే దేశంలోనూ చూశారు. దక్షిణ కొరియాలో 1970లో పల్లెల బాగు కోసం సేమౌల్ ఉద్యమం మొదలైనప్పుడు ప్రభుత్వం దాదాపు 33,000 పల్లెలకి, ఊరికి 335 బస్తాల చొప్పున సిమెంటు ఇచ్చింది. ఊరికి ఏం కావాలో ఊరే తేల్చుకోవాలి. తర్వాతి విడతలో బాగా చేసిన సగం ఊళ్లకే 500 బస్తాలు, టన్ను ఇనుము ఇచ్చారు. మొదటి విడత పద్ధతి నాకు ఎంతో నచ్చింది. రెండోది నచ్చలేదు. వెనకబడిన ఊరికే కదా చేయూత ఎక్కువ కావాలి.

మా కాలువలో చివరికి ఒక ముక్క మిగిలింది. శ్మశానం పక్కన, ఎవరి పొలానికీ ఆనుకోని చోటు, అందులో తుమ్మ కంప. దాన్ని వంతుల్లో వేయడం మరిచిపోయాం. డ్వాక్రా ఆడవాళ్లు చోడంబలి కుండతో సహా వచ్చి రెండు పొద్దుల్లో కొట్టేశారు. వాళ్లని ఎవరూ అడగలేదు. అడగకపోవడం నా తప్పేనని ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే మొదటి రోజు మీటింగుకి మగవాళ్లనే పిలిచాం.

ఈసారి అవతలి గెడ్డ దగ్గర గట్టు పని ఉంది. మొదటి మీటింగు ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి వంటలు ముగించుకున్నాక, రాత్రి ఎనిమిదింటికి పెట్టాం. తాడు వాళ్ల చేతికే ఇచ్చాం. మా ఇంటి వంతు పదకొండో మేకు దగ్గర మొదలవుతుంది.