ఆ చిన్న ఇంట్లో నాట్యం

మా భీమిలి వాళ్ల దగ్గర ‘స్వర్ణకమలం’ పేరెత్తితే సొంతింటి సంగతిలా మాట్లాడతారు. విశాఖ, భీమిలి తీరాల్లో తీసి 1988లో విడుదల చేసిన సినిమా అది. ఎప్పుడు చూసినా సముద్రం కంటే అందులోని చిన్న ఇల్లే నన్ను పట్టి కూర్చోబెడుతుంది.

దర్శకుడు కె. విశ్వనాథ్ ఎంచుకున్న లోకం ఎంతని! ఒక పేద కూచిపూడి గురువు, ఇద్దరు కూతుళ్లు, ఇరుగుపొరుగున పూజలతో హడావుడి చేసే శ్రీలక్ష్మి, ఆమె భర్తగా సాక్షి రంగారావు, బొమ్మలు వేసి బతికే చంద్రశేఖర్. ప్రతినాయకుడు లేడు. తగాదా అంతా ఒక్కటే: గురువు చిన్న కూతురు మీనాక్షికి నాట్యం వచ్చు, ఇష్టం లేదు. అది కూడు పెట్టదంటుంది. తండ్రి స్థితి చూశాక ఆ పిల్లది తప్పని ఎలా అంటాం? విశ్వనాథ్ కూడా అనలేదు. ఈ సినిమా మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఇక మీనాక్షిగా భానుప్రియ. నేర్చిన విద్యను మనసు పెట్టకుండా ఆడి చూపించాలి. అడుగు తెలిసిన అడుగే అయి ఉండాలి, అందులో ప్రాణం మాత్రం కనిపించకూడదు. తర్వాత అదే అడుగులోకి ప్రాణం రావాలి. నాట్యం బాగా వచ్చినవాళ్లే చేయగల పని ఇది. చంద్రశేఖర్‌గా వెంకటేశ్ పక్కన నిలబడి ఆమెకు చోటివ్వడం కూడా చిన్న విషయం కాదు.

అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల ఆ తగాదానే పాట చేశారు. ఇళయరాజా బాణీలో బాలు గొంతు నాట్యం వైపు పిలుస్తుంటే, సుశీల గొంతు వేళ్లే సంకెళ్లైన మొక్కలా ఉండిపోవద్దంటుంది. వింటున్నంతసేపూ ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది.

మీనాక్షి వదిలించుకోవాలనుకున్న అలాంటి లోకంలోకే, అమెరికా నుంచి వచ్చి ఒడిస్సీ నేర్చిన షారన్ లోవెన్ కోరి అడుగుపెట్టారు. సినిమాలో ఆమె ఆమెగానే కనిపిస్తారు.

చివర అమెరికా ప్రయాణం చేతికందినా, మీనాక్షి చంద్రశేఖర్ కోసం వెనక్కి వస్తుంది. నన్నడిగితే అసలు నిర్ణయం అది కాదు. నాన్న కోసమో, చంద్రశేఖర్ కోసమో కాక తన కోసం గజ్జె కట్టిననాడే ఆ నిర్ణయం జరిగిపోయింది.

పిల్లలకు నాట్యం నేర్పిస్తున్న తల్లిదండ్రులకు ఒక మనవి. అరంగేట్రం తేదీ ఖాయం చేసేముందు ఈ సినిమా పిల్లతో కలిసి చూడండి. మీనాక్షి మాటలే మీ పిల్ల కూడా అంటే, అడ్డుపడకుండా చివరిదాకా వినండి.