తోడు ఉంచి తోడాలి

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌లో దిగి కొండాపూర్ వైపు నడుస్తుంటే కరెంటు స్తంభాల మీదా, ప్రహరీ గోడల మీదా మూడు రకాల ప్రకటనలు కనబడతాయి: లేడీస్ హాస్టల్, సాఫ్ట్‌వేర్ కోచింగ్, సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్. మొదటి రెండింటినీ ఫోన్‌లో ఫొటో తీసుకునేవాళ్లుంటారు. మూడోది ఎవరి కంటికీ ఆనదు. సెల్లార్‌లో మూత అంచు నుంచి నల్లనీళ్లు ఉబికిన పొద్దున మాత్రం వాచ్‌మన్ పరుగున వెళ్లి ఆ గోడ మీది నెంబరే రాసుకొస్తాడు.

అంతకు నెల ముందు నుంచీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏం నడిచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వాసన వస్తోందని ఒకరు రాస్తారు. ఫినాయిల్ పోయించమని ఇంకొకరంటారు. బాత్రూములో వేలాడదీసే సువాసన బిళ్లల లింకు మరొకరు పెడతారు. ఈ చివరి సలహా అన్నిటికన్నా చెడ్డదని నా అభిప్రాయం. ఎక్కడో నీళ్లు ఎండిపోయాయనో, గొట్టం మూసుకుపోయిందనో, ట్యాంకు నిండిందనో చెప్పడానికే కంపు వస్తుంది. దాని మీద మల్లెపూల సెంటు చల్లితే మనకు తెలియాల్సింది తెలియకుండా పోతుంది.

అసలు ఐటీ కారిడార్‌లో సెప్టిక్ ట్యాంకులేమిటని అడగొచ్చు. 1908 మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాద్‌కు వరద కట్టడితో పాటు భూగర్భ డ్రైనేజీ పథకం కూడా వేసిచ్చారు. ఆ నాటికి హఫీజ్‌పేట్ నగరం బయట ఒక పల్లె. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఫ్లాట్లయ్యాయి. శేరిలింగంపల్లి మున్సిపాలిటీ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. ఇళ్లు లేచినంత వేగంగా డ్రైనేజీ లైన్లు రాలేదు కాబట్టి బిల్డర్లు పార్కింగ్ కింద గొయ్యి తవ్వి ట్యాంకు కట్టేశారు. తరువాత పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు సొంతంగా మురుగుశుద్ధి ప్లాంట్లు (ఎస్టీపీలు) పెట్టుకున్నాయి, చాలా వీధులకు లైన్లూ వచ్చాయి. అయినా లోపలి గల్లీల్లో పాత ట్యాంకులు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

పనిచేస్తున్నాయి అనే మాట సరదాకి అన్నది కాదు. మూత తీసి చూస్తే (చూడటమే, దిగడం కాదు) లోపల మూడు పొరలుంటాయి. పైన తెట్టు: నూనె, సబ్బు జిడ్డు, తేలే చెత్త. అడుగున మడ్డి. మధ్యలో కాస్త తేరిన నీరు. లోపలికి వచ్చే చోటా, బయటికి పోయే చోటా ఇంగ్లిషు టీ అక్షరంలా ఒక గొట్టం బిగిస్తారు. దాని కింది కొస నీళ్లలో మునిగి ఉంటుంది కనుక తెట్టు గానీ మడ్డి గానీ బయటికి పోవు, మధ్య నీరు మాత్రమే పోతుంది. అడుగున గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మడ్డిని మెల్లగా తింటూ, పరిమాణం తగ్గిస్తూ ఉంటాయి. ఫ్రాన్స్‌లో లూయీ మూరాస్ 1881లో పేటెంటు పొందిన ఇలాంటి తొట్టికీ, మన పార్కింగ్ కింది తొట్టికీ సూత్రంలో తేడా ఏమీ లేదు.

ఇందులో నాకు ముచ్చటగా అనిపించే సంగతి మన భారతీయ ప్రమాణాల పుస్తకంలో ఉంది. ఐఎస్ 2470 అనే ఆ ప్రమాణం ప్రకారం కొత్త ట్యాంకును ఖాళీగా వాడకంలోకి తేకూడదు. ముందు బయటి గొట్టం మట్టం దాకా నీళ్లు నింపి, వేరే ట్యాంకులోంచి కాస్త పాత మడ్డి తెచ్చి కలపాలి. అది దొరక్కపోతే బాగా కుళ్లిన పేడ కలపొచ్చు. శుభ్రం చేసేటప్పుడు కూడా అడుగు దాకా గీకేయకూడదు, కనీసం 25 మిల్లీమీటర్ల మడ్డి వదలాలి. పెరుగు గిన్నె కడిగేముందు మన అమ్మలు ఒక చెంచా తీసి పెట్టేది ఎందుకో, ఇదీ అందుకే. డబ్బిచ్చాం కదా అని ట్యాంకు తళతళలాడేలా కడగమనే అసోసియేషన్ పెద్దలకు ఈ మాట చెప్పి ఒప్పించడం మాత్రం అంత తేలిక కాదు.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్ చేసే నష్టమూ ఇక్కడే తెలుస్తుంది. వారానికోసారి బాత్రూము కడిగినంత మాత్రాన ట్యాంకుకు ఏమీ కాదు. వాసనొస్తోందని బకెట్ల కొద్దీ దించితేనే మడ్డిని తినే జీవులు చచ్చిపోతాయి. తినేవాళ్లు లేక మడ్డి పేరుకుంటుంది, వాసన ఇంకా పెరుగుతుంది. శానిటరీ ప్యాడ్లు, తడి వైప్స్, వేపుడు నూనె లోపలికి పంపకపోవడం ఏ మందు కన్నా మేలు.

వాసన వచ్చినప్పుడు ఎక్కడ వస్తోందో ముందు పట్టుకోవాలి. బాత్రూములోనే అయితే సాధారణంగా నహానీ ట్రాప్ ఎండి ఉంటుంది. జాలీ కింద వంపులో ఎప్పుడూ నాలుగు వేళ్ల నీళ్లు నిలిచి ఉంటేనే కింది గాలి పైకి రాదు. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు తాళం వేస్తే, అందులోనూ ఎవరూ వాడని గెస్ట్ బాత్రూములో, ఆ నీళ్లు ఆవిరైపోతాయి. తాళం వేసేముందు ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేస్తే పని అయిపోతుంది. నీటి మీద నూనె పరుచుకుని ఆవిరిని ఆపుతుంది.

మేడ మీద వాసన వేస్తే వెంట్ పైపు సంగతి చూడాలి. ట్యాంకులో పుట్టే గాలిని అదే పైకి తీసుకెళ్తుంది. ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపు ఉంటే ఆ పైపు ఇంటి పైకప్పు కన్నా 2 మీటర్లు ఎత్తుండాలనీ, మూతికి దోమ దూరని జాలీ ఉండాలనీ అదే ప్రమాణం చెబుతుంది. మన దగ్గర జరిగేది వేరు. బిల్డింగు కట్టినప్పుడు పైపు సరైన ఎత్తులోనే ఉంటుంది. తరువాత ఓనరు టెర్రస్ మీద ఒక పెంట్‌హౌస్ లేపుతాడు. పైపు పెరగదు, దాని మూతి సరిగ్గా కొత్త బెడ్రూము కిటికీ ఎదుటికి వస్తుంది. లేదా పావురం అందులో పుల్లలు పేరుస్తుంది. అప్పుడు పైకి పోవాల్సిన గాలి ఇంట్లోకి దారి వెతుక్కుంటుంది.

ట్యాంకు నిండిందా లేదా తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. పొడవాటి కర్ర కింది భాగానికి తెల్ల తువ్వాలు చుట్టి, తాళ్లతో బిగించి, బయటి గొట్టం వైపున్న మూత తీసి అడుగు తగిలేదాకా నిలువుగా దించాలి. కొన్ని నిమిషాలు ఉంచి నెమ్మదిగా పైకి తీస్తే మడ్డి ఎంత మేర ఉందో అంత మేర నల్లటి మరక అంటుకుని వస్తుంది. మడ్డి, తెట్టు కలిపి సగం లోతు దాటితే ట్యాంకర్‌ను పిలవాల్సిందే. ఏటా తీయించడం మేలనీ, వీలుకాకపోతే రెండేళ్లకోసారైనా తీయించాలనీ ప్రమాణం. ఉబికాక పిలిచే మన అలవాటుకు ఏ లెక్కా లేదు.

ఎస్టీపీ ఉన్నచోట లెక్క తిరగబడుతుంది. అక్కడి జీవులకు గాలి కావాలి, బ్లోయర్ దాన్ని అందిస్తుంది. కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రిళ్లు బ్లోయర్ కట్టేస్తే తెల్లారేసరికి కింది ఫ్లోరు వాళ్లు కిటికీలు మూసుకోవాల్సి వస్తుంది.

చక్రాల మీద తిరిగే ట్యాంకులకూ ఇలాంటి పద్ధతులే ఉంటాయి. వేసవిలో ఆర్‌వీ అనే ఇల్లులాంటి బండిని అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ చూడబోయే అమెరికా తెలుగువాళ్లకు మొదటి రోజే రెండు పేర్లు వినబడతాయి: మరుగుదొడ్డి మురుగుకు బ్లాక్ ట్యాంక్, స్నానం, సింకు నీళ్లకు గ్రే ట్యాంక్. బ్లాక్ ట్యాంక్ వాల్వు ఎప్పుడూ తెరిచి పెట్టకూడదు. తెరిస్తే నీళ్లన్నీ జారిపోయి గట్టిది గుట్టగా మిగిలి ఎండుతుంది. నీళ్లు ధారాళంగా పోస్తూ, సగానికి పైగా నిండాక ఒక్కసారి వదలాలి. ముందు బ్లాక్, తరువాత గ్రే వదిలితే సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. షూటింగుల్లో మనం చూసే క్యారవాన్లకూ వర్తించే సూత్రమే ఇది.

హఫీజ్‌పేట్‌లో ఆగే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు టాయిలెట్లు లేవు గానీ, అదే పట్టాల మీద దూసుకుపోయే దూరప్రాంత రైళ్ల బోగీల కింద డీఆర్‌డీఓ సాయంతో రైల్వే రూపొందించిన బయో టాయిలెట్ తొట్లు వేలాడుతుంటాయి. 2011లో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌తో అవి మొదలయ్యాయి. వాటిని ఎక్కువగా దెబ్బతీసేవి ప్రయాణికులు పడేసే నీళ్ల సీసాలు, గుడ్డలు, గుట్కా పొట్లాలు.

ఇంతసేపూ వాసనను నమ్మమని చెప్పాను. ట్యాంకు మూత దగ్గర మాత్రం ముక్కును నమ్మకూడదు. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అతి తక్కువ మోతాదులోనే తెలుస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్ల దాకా చేరితే అదే వాయువు వాసన పసిగట్టే శక్తిని చంపేస్తుంది. వాసన తగ్గింది కదా అని దిగినవాడు పడిపోతాడు, వాణ్ని లాగబోయిన రెండోవాడూ పడిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నేరం చేసింది. కోలార్ బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ కోర్టుకెక్కిన కేసులో, ఇలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. ఆ మొత్తాన్ని 2023లో మరో కేసులో 30 లక్షలకు పెంచింది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. మడ్డి గట్టిపడి గొట్టానికి అందకపోతే పై నుంచే నీళ్లు కొట్టి పలుచన చేయించాలి తప్ప, ఎవరినీ దిగమని అడగకూడదు.

ట్యాంకర్ నిండాక అది ఎక్కడికి పోతుందన్నది మిగిలిన ప్రశ్న. చీకటి పడ్డాక ఏ నాలాలోనో, చెరువు అంచునో గొట్టం వదిలేస్తే మన పార్కింగ్‌లో పోయిన కంపు పక్క బస్తీకి చేరుతుంది. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే ట్యాంకర్లకు లైసెన్సు, పారబోసే చోటు విషయంలో నిబంధనలు తెచ్చింది. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అందుకు తోడ్పడింది. హైదరాబాద్‌లోనైతే గోడ మీది నెంబరుకు ముందు సెప్టిక్ ట్యాంకు హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేయొచ్చు. గోడ మీది నెంబరుకే చేస్తే, ఎంత తీసుకుంటావని అడిగిన తరువాత ఎక్కడ పోస్తావని కూడా అడగండి. మూతలు తీసి అరగంట గాలాడనిచ్చాకే గొట్టం దించమనండి. పని సాగినంతసేపూ ఆ చుట్టుపక్కల బీడీ వెలిగించనివ్వకండి, లోపల పేరుకున్నది మీథేన్. మూతలు మళ్లీ బిగించేదాకా పిల్లలను సెల్లార్‌లోకి రానివ్వకండి.